గణకయంత్రపు వేడి – మితవేగపు మేలు

(పాఠశాల ప్లాటినం జూబ్లీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదేళ్ల పండుగలో గ్రాఫిక్స్ కార్డు అనే చిన్న పరికరం గురించి మాట్లాడడం కొందరికి వింతగా తోచవచ్చు. అయితే మార్చి, ఏప్రిల్ నెలలలో మన కంప్యూటర్ గదికి తాళం వేయాలా, తెరిచి ఉంచాలా అన్న ప్రశ్న ఆ పరికరం మీదనే ఆధారపడి ఉన్నది. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలకు ఆ గది ఒక్కటే ఆధారం. పదవ తరగతి పరీక్షలు వచ్చేదీ ఆ ఎండల కాలంలోనే.

పూర్వ విద్యార్థులు దానంగా ఇచ్చిన యంత్రాలలో కొన్నింటికి గ్రాఫిక్స్ కార్డులున్నాయి. తెర మీద కనిపించే ప్రతి బొమ్మనూ లెక్కగట్టి గీసేది ఆ కార్డే. గుండె గదులను అన్ని వైపులకూ తిప్పి చూపాలన్నా, గ్రహాల గమనాన్ని కదిలించి చూపాలన్నా దాని సాయం కావలసిందే. వేసవి మధ్యాహ్నాలలో ఆ యంత్రాలు పాఠం నడుమ హఠాత్తుగా ఆరిపోతూ వచ్చాయి. ఇవి పాతబడ్డాయి, కొత్తవి కొనడమే మార్గమని కొందరు సలహా ఇచ్చారు. అందుకు తగిన ధనం మన వద్ద లేదు. కనుక ముందు కారణాన్ని విచారించాము.

కార్డు నడుమ ఉన్న చిప్పులో కోట్లాది ట్రాన్సిస్టర్లు సెకనుకు కోట్లసార్లు తెరుచుకుని మూసుకుంటాయి. ఈ తాళగతినే క్లాకు వేగమంటారు. ప్రతి కదలికకూ కొంత విద్యుత్తు ఖర్చయి వేడిగా మారుతుంది. ఈ వేడి క్లాకు వేగాన్ని బట్టి, వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగాన్ని మాత్రమే పదో వంతు తగ్గిస్తే ఈ వేడి కూడా సుమారు పదో వంతే తగ్గుతుంది. వేగంతోపాటు వోల్టేజిని కూడా పదో వంతు తగ్గించగలిగితే 0.9ను మూడుసార్లు గుణించినట్లవుతుంది. వచ్చేది 0.729. అంటే పనిలో పది పాళ్లు వదులుకుంటే ఈ వేడిలో ఇరవై ఏడు పాళ్లు తగ్గుతుందన్నమాట. చిన్న త్యాగానికి పెద్ద ఫలమిది.

ఈ సత్యం ముందు మహా సంస్థలు సైతం తల వంచాయి. క్లాకు వేగాన్ని ఏటేటా పెంచుతూ వచ్చిన ఇంటెల్ సంస్థ 2004లో వేడిని తాళలేక 4 గిగాహెర్ట్‌జ్ పెంటియం-4 తయారీని విరమించుకుని, ఒకే చిప్పులో రెండు మెదళ్లను అమర్చే దారి పట్టింది. వేగంగా పరుగెత్తే ఒక్కడికి బదులు నిదానంగా నడిచే ఇద్దరికి పని పంచడమే అందులోని కిటుకు.

మన తెలుగువారికి గర్వకారణమైన ఉదాహరణ మరొకటి ఉన్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన రాజా కోడూరి 2015లో ఏఎమ్‌డీ సంస్థ గ్రాఫిక్స్ విభాగానికి అధిపతి అయ్యారు. 2016 జూన్‌లో ఆ విభాగం విడుదల చేసిన ఆర్‌ఎక్స్ 480 కార్డు, మదర్‌బోర్డు గాడి నుండి తీసుకోదగిన 75 వాట్లకు మించి విద్యుత్తు లాగుతున్నదని పరీక్షకులు గుర్తించారు. జూలైలోనే సంస్థ ఆ వాడకాన్ని తగ్గించే సాఫ్ట్‌వేరును అందించింది. క్లాకు వేగాన్నీ, వోల్టేజినీ, పంకా గతినీ వాడేవారే సవరించుకునే వాట్‌మ్యాన్ అనే సాధనం కూడా ఆ కార్డుతోనే వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన చిల్ అనే సదుపాయం, ఆటలో కదలిక లేనప్పుడు బొమ్మలు గీసే వేగాన్ని తనంతట తానే తగ్గిస్తుంది. అవసరం లేని పరుగును మానడమే చల్లదనానికి మొదటి మెట్టని తయారు చేసినవారే ఒప్పుకున్నట్లయింది.

వేడితో పోరాటం మన జిల్లాకు కొత్త కాదు. 2001 ఫిబ్రవరి 28న మూతపడిన కోలారు బంగారు గనులలో ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. అక్కడి రాతి వేడి 60 డిగ్రీలకు మించినది. గాలిని చల్లబరచి లోపలికి పంపితే తప్ప మనిషి అక్కడ పని చేయలేడు. బంగారం ఎంత ఉన్నా, వేడిని బయటికి పంపగలిగినంత మేరకే తవ్వకం సాగుతుంది. మన చిప్పుకూ అదే న్యాయం.

ఇక మనం చేసిన పని చెబుతాను. ముందుగా పెట్టెలు విప్పి దుమ్ము తీశాము. రాగి కళ్లాల కాలంలో గాలిలో ఎగిరే పొట్టు, ధూళి పంకా రెక్కలకూ, లోహపు పలకల సందులకూ పట్టుకుని ఉన్నాయి. ఎండిపోయిన పేస్టును తుడిచి కొత్తది పూశాము. గోడకు ఆనించి ఉన్న పెట్టెలను ముందుకు జరిపాము. ఇవన్నీ అయిన తరువాతనే క్లాకు వేగాన్ని కొద్దికొద్దిగా తగ్గించి, ప్రతిసారీ అరగంట నడిపి, ఉష్ణోగ్రతను పిల్లల చేతనే పుస్తకంలో రాయించాము. తెర మీద సెకనుకు గీసే బొమ్మల సంఖ్యకు హద్దు పెట్టాము. పాఠం చూస్తున్న పిల్లలెవరికీ తేడా తెలియలేదు. మధ్యాహ్నపు ఆగిపోవడాలు మాత్రం నిలిచిపోయాయి. ఆ పుస్తకం మా పిల్లలకు ఏ పాఠ్యగ్రంథమూ నేర్పని భౌతికశాస్త్రాన్ని నేర్పింది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. వేగం తగ్గించడం అన్ని జబ్బులకూ మందు కాదు. పంకా తిరగకపోతే మార్చవలసిందే. విద్యుత్తు హెచ్చుతగ్గులు ఉంటే స్టెబిలైజరు పెట్టవలసిందే. తక్కువ వోల్టేజిలో మొండిగా నడిపిన బోరు మోటారు ఏమవుతుందో ఇక్కడి రైతులకు నేను చెప్పనక్కరలేదు. కార్డులోని మూల ప్రోగ్రామును తెలియక మార్చడం ప్రమాదం. పైపై సాఫ్ట్‌వేరుతో చేసిన మార్పు నచ్చకపోతే వెనక్కి తీసుకోవచ్చు.

పరుగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్లు తాగడం మేలని మన పెద్దలు అన్నారు. మండుటెండలో ఎద్దుల మెడ మీది కాడి దించే రైతును సోమరి అని ఎవరూ అనరు. సాయంత్రం మళ్లీ దున్నడానికే ఆ విరామం. మన యంత్రాలకు ఇచ్చిన మితవేగమూ అటువంటిదే.

పూర్వ విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. ఈ జూబ్లీ కానుకగా కొత్త యంత్రాలు ఇవ్వాలని మీలో కొందరు తలపెట్టినట్లు విన్నాను. కృతజ్ఞతలు. అయితే ముందుగా ఆ గది పైకప్పుకు నీడ, గోడకు వేడి గాలిని తోసే పంకా, ఒక మంచి స్టెబిలైజరు ఏర్పాటు చేయండి. వేడిని బయటికి పంపే దారి లేని గదిలో కొత్త యంత్రం కూడా రెండు వేసవులకు పాతదే అవుతుంది. తల్లిదండ్రులారా, సెలవు దినాలలో కూడా ఉదయం వేళ ఆ గది తెరిచే ఉంటుంది. మీ పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, తప్పక పంపండి.

మన ఊరి సాలగ్రామ వినాయకుని కరుణ ఈ బడిపై సదా ఉండుగాక. సెలవు.