కాంచనపురి వంతెన



బ్యాంకాక్‌లోని థోన్‌బురి స్టేషన్‌లో పొద్దున్నే ప్యాసింజరు బండెక్కితే సుమారు మూడు గంటల్లో కాంచనబురి చేరుకుంటాం. పేరు మన ఊళ్ల పేరులాగే ఉంది కదూ? కాంచనపురే అది. క్వే యాయ్, క్వే నోయ్ అనే రెండు పాయలు అక్కడే కలిసి మేక్లాంగ్ నది అవుతాయి. ‘ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్’ అనే సినిమా పేరులో మనం విన్న ‘క్వాయ్’ అనే మాటకు థాయ్ భాషలో గేదె అని అర్థం! తమాషా ఏమిటంటే, రెండో ప్రపంచ యుద్ధంలో ఆ వంతెన కట్టిన పాయను అప్పట్లో మేక్లాంగ్ అనే పిలిచేవారు. 1957లో సినిమా వచ్చాక జనం క్వాయ్ నదిని వెతుక్కుంటూ వస్తుంటే, 1960 ప్రాంతంలో పాయ పేరే మార్చేశారు.

వంతెన మీద నడవవచ్చు. వంపు తిరిగిన ఇనుప కమానులు పాతవి, జపాన్ సైన్యం జావా నుంచి తెచ్చినవి. మధ్యలో కోణాలు తేలి ఉన్న రెండూ బాంబులకు కూలినవాటి చోట యుద్ధం తర్వాత అమర్చినవి. ఈ వంతెన మీదుగా బర్మా దాకా 415 కిలోమీటర్ల రైలుదారిని, తమకు చిక్కిన మిత్రరాజ్యాల యుద్ధ ఖైదీలతోనూ ఆసియా కూలీలతోనూ పని చేయించి, జపాన్‌వాళ్లు 1943 అక్టోబరుకల్లా పూర్తి చేశారు. ఆ దారిలో హెల్‌ఫైర్ పాస్ అనే చోట రాత్రిళ్లు దివిటీల వెలుగులో, సుత్తీ సానమూ పట్టి ఖైదీలూ కూలీలూ కొండను తొలిచారు.

కాంచనబురి స్టేషన్ దగ్గర్లో ఆ యుద్ధ ఖైదీల శ్మశానం ఉంది. దాదాపు 7 వేల సమాధులు, పచ్చిక, పూలమొక్కలు, ఒక్కో రాతి మీద ఒక్కో పేరు. రైలుదారి పనిలో 12 వేలకు పైగా ఖైదీలు చనిపోయారు. కానీ ఆసియా కూలీల చావులు 90 వేల దాకా ఉంటాయని అంచనా. ఆ కూలీల్లో మలయా రబ్బరు తోటల తమిళులు చాలామంది, మన తెలుగువాళ్లూ ఉన్నారు. మంచి కూలి ఇస్తామని కొందరిని తెచ్చారు, కొందరిని పట్టుకొచ్చారు. కలరా, ఆకలి, వానలు వాళ్లను మింగేశాయి. ఆ పూలమొక్కల మధ్య వాళ్ల పేర్లు లేవు.

చూడవలసినవి ఇంకా ఉన్నాయి. థాం క్రాసే దగ్గర రైలు కొండనానుకుని కొయ్యవంతెన మీద మెల్లగా పాకుతుంది, కింద క్వే నోయ్ పారుతుంటుంది. ఎరావన్ జలపాతం ఏడు అంతస్తులు దూకుతుంది. ఎరావన్ అంటే మన ఐరావతమే. నీళ్లలో కాళ్లు పెడితే చేపలు వచ్చి కొరుకుతాయి, చక్కిలిగింతలే.

మలయా వెళ్లి తిరిగిరాని పెద్దల కబురేదైనా మీ ఇంట్లో మిగిలి ఉంటే, వాళ్ల పేరు ఒక కాగితం మీద రాసి దాచండి.