తీర్పు చేతికొచ్చాక కూడా తలుపు తట్టాలి



చంద్రపూర్, బల్లార్‌పూర్ ప్రాంతానికి మన పెద్దలు ఎందరో బొగ్గు గనుల్లో, పేపర్ మిల్లులో పని కోసం వచ్చారు. అలాంటి కుటుంబంలోని ఒక విధవరాలు మొన్న నా దగ్గరికి వచ్చింది. భర్త పోయాక వచ్చిన డబ్బు చేబదులిచ్చింది. తిరిగి రాకపోతే దావా వేసి గెలిచింది. ఆ డిక్రీ కాగితాన్ని బైబిల్లో పెట్టుకొని తిరుగుతోంది. బాకీదారేమో "నా దగ్గర ఏముందమ్మా?" అంటాడు. అతని లారీలు మాత్రం ఆగలేదు.

డిక్రీ తనంతట తాను డబ్బు తేదు. ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయాలి. దానికి 12 ఏళ్ల గడువుంది. "అతని ఆస్తి ఎక్కడుందో నాకేం తెలుసయ్యగారూ?" అంది. ఆ మాట చెప్పాల్సింది అతనే, అమ్మా!

సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు, 41వ రూలు ప్రకారం బాకీదారును కోర్టుకు పిలిపించి ప్రశ్నించమని అడగవచ్చు. లెక్కల పుస్తకాలు, పత్రాలు తెమ్మని కోరవచ్చు. విషయం తెలిసిన ఇతరులను కూడా పిలిపించవచ్చు. 30 రోజులైనా బాకీ తీరకపోతే ఆస్తుల వివరాలతో అఫిడవిట్ ఇవ్వమని కోర్టు ఆదేశించవచ్చు. ఆ ఆదేశం ధిక్కరిస్తే 3 నెలల వరకు సివిల్ జైలు. ఎగ్జిక్యూషన్ పిటిషన్లను 6 నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది.

అయితే లేనివాణ్ణి పీడించడం న్యాయం కాదు. తిరగలిని తాకట్టు పట్టవద్దని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం చెబుతుంది. మన చట్టం కూడా 60వ సెక్షన్‌లో వంటపాత్రలను, చేతివృత్తివారి పనిముట్లను జప్తు చేయనివ్వదు. ఉండి ఎగ్గొట్టేవాడు వేరు, నిజంగా లేనివాడు వేరని 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పేదరికం నేరం కాదు. దాచిపెట్టడమే మోసం.

లూకా 18లోని విధవరాలు ఒక్కసారి అడిగి ఇంటికి పోలేదు. మాటిమాటికీ వెళ్లింది. ఆమె వెంట ఎవరూ లేరు. మన సహోదరి వెంట మనముండాలి కదా! యువకులారా, ఆమెతో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. మరాఠీలో ఉన్న కాగితాలు చదివి పెట్టండి, వాయిదా తేదీలు రాసి పెట్టండి.

ఇక మనలో ఎవరైనా బాకీ దాచి కానుక వేస్తుంటే, ముందు ఆ బాకీ తీర్చి రండి. దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.