సీటు దొరకిన పిమ్మటి నెలలు

(మైలాపూరున జరిగిన మన విద్యార్థి సమావేశమునందలి ప్రసంగపాఠము)



కార్యదర్శిగారు నన్ను పిలిచినప్పుడు "క్రీడలు, ఆరోగ్యము" అను విషయమును సూచించిరి. అంత పెద్ద విషయమును గురించి మాటలాడుటకు నేను చాలను. ముప్పది యేండ్లు ఆటల ఉపాధ్యాయినిగా ఎండలో నిలిచి యీల యూదినదానను. నాకు తెలిసినది మిక్కిలి చిన్న విషయము. ఈ యేడు మన కుటుంబములలోని బాలికలు కొందరికి సాఫ్ట్‌బాలు ఆట మూలమున కళాశాలలో స్థానము లభించినదని విని సంతోషించితిని. "నీకు చోటు గలదు, మా జట్టున ఆడుము" అను మాట వచ్చిన దినము మొదలు కళాశాల తలుపులు తెరచు దినము వరకు కొన్ని నెలల కాలము గలదుగదా, ఆ నెలలను గురించియే చెప్పదలచితిని. నేను చూచినంతవరకు మంచి ఆటగత్తెలు చెడినది ఓటమివలన కాదు, ఆ నెలలవలననే.

ఈ ఆట యేమో యెరుగని పెద్దల కొరకు రెండు మాటలు. 1887లో అమెరికాలోని షికాగో నగరమున చలికాలమందు ఒక క్లబ్బు గదిలో కూర్చున్న యువకులు ముష్టియుద్ధపు చేతితొడుగును బంతిగా కట్టి, చీపురుకర్రతో కొట్టి యాడిన వినోదమే దీనికి మూలము. పేరు మెత్తని బంతి; తగిలినచో మాత్రము మెత్తగా నుండదు. చుట్టుకొలత పండ్రెండంగుళములు. జట్టునకు తొమ్మండుగురు. బంతి వేయునది చేయి క్రిందినుండి చక్రమువలె త్రిప్పి వేయవలెను. స్త్రీల ఆటలో ఆమెకును కొట్టునామెకును నడుమ 43 అడుగులు మాత్రమే. ఒక గమ్యమునుండి మరియొక గమ్యమునకు 60 అడుగులు. మన దేశమున ఈ ఆటకు అఖిల భారత సంఘము 1961లో ఏర్పడినది. 1996 మొదలు 2008 వరకు ఒలింపిక్కులలో ఉండి, తొలగి, 2021లో టోకియోలో మరల దర్శనమిచ్చినది. 2028లో లాస్ ఏంజలీసున మరల ఆడుదురు. కనుక, "ఇదేమి ఆటమ్మా, పిల్లల బిళ్ళంగోడా" అని యింటిలో ఎవరైన నవ్వినచో నొచ్చుకొనవలదు. ఈ లెక్క చెప్పుడు.

ఇక విషయమునకు వత్తును. మన రాష్ట్రమున ఇంజనీరింగు ప్రవేశములలోనే క్రీడాకారులకు 500 స్థానములు కేటాయించుచున్నారు. ఇవిగాక ఆర్ట్సు కళాశాలలు కొన్ని తామే ఎంపిక పోటీలు జరిపి పిల్లలను ఏరుకొనుచున్నవి. మధ్యతరగతి యిండ్లలో ఇది చిన్న సంగతి కాదు. నాలుగైదు మార్కులు తక్కువైన పిల్లకు తలుపు తెరచుకొన్నది. తండ్రి ఊపిరి పీల్చుకొనును. తల్లి కపాలీశ్వరుని కోవెలలో అర్చన చేయించును. ఆ మరునాడు ఏమి జరుగును? బ్యాటు అటక యెక్కును. "వచ్చినదిగదా, ఇక ఎండలో తిరుగుట యెందులకు?" అందురు. ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, ఏరు దాటిన తరువాత బోడి మల్లయ్య అన్న సామెత మన తాతలు ఊరక చెప్పలేదు. అయితే ఇచ్చట ఏరు ఇంకను దాటలేదు. ఓడ యెక్కితిమి, అంతియే.

నా సంగతియే చెప్పెదను. నేను పాఠశాలలో బంతి వేయుదానను. కళాశాలవారు రమ్మనిరి. పరీక్షలు ముగిసినవి. బంధువుల పెండ్లిండ్లు రెండు వచ్చినవి. మామిడిపండ్ల కాలము. ఏప్రిల్, మే నెలలు రెండును నేను బంతి ముట్టలేదు. జూన్ నెలాఖరున మైదానమున అడుగిడి, నా పేరు నిలుపుకొనవలెనను ఆత్రమున తొలిదినముననే నూరు బంతులకు మించి వేసితిని. మూడవ దినమునకు భుజము లేవలేదు. ఇంట అమృతాంజనము పూసిరి. మైలాపూరువారము గనుక మనకు ఆ డబ్బీమీద విశ్వాసము మెండు. కాని చిరిగిన కండకు అది చాలదు. ఆ యేడు జట్టు బయట కూర్చుండి ఇతరుల సంచులు మోసితిని. తప్పు ఎవరిది? నాదే. ఎవరును నన్ను మానుమనలేదు, ఆడుమనియు అనలేదు. చూచువారు లేరు గనుక నేను చేయలేదు.

ఆ తరువాత శిక్షణ పొందినప్పుడు దీని కారణము తెలిసినది. సాధన మానిన రెండు మూడు వారములకే పరుగెత్తు దమ్ము తగ్గనారంభించును. కండబలము కొంతకాలము నిలుచును. కనుక దేహము తనకు శక్తి యున్నదని మనలను మోసగించును. ఆ నమ్మకముతో ఒక్కసారి భారము పెంచినచో దెబ్బ తగులును. విశ్రాంతి తీసికొనరాదని నా భావము కాదు. పరీక్షల పిమ్మట రెండు వారములు హాయిగా నిద్రించుడు. ఆపైన కొంచెము కొంచెముగా వారమువారమునకు పెంచుకొనుడు. వారమున ఒక దినమైనను బంతి వేయు చేతికి పూర్తిగా విశ్రాంతి యుండవలెను.

మరియొక సంగతి. పాఠశాలలో మీరు అందరికంటె మిన్న. కళాశాల జట్టులోని పదునెనిమిదిమందియు తమ తమ పాఠశాలలలో అందరికంటె మిన్నయైనవారే. మొదటి యేడు మీలో ఎక్కువమంది బల్లమీద కూర్చుందురు. ఇది ముందుగా తెలిసికొనని పిల్ల రెండవ నెలలోనే విసిగి ఆట మానును. నేను అట్టివారిని చాలమందిని చూచితిని. సీటు ఆటవలన వచ్చినది గనుక, ఆట మానిన పిమ్మట అధ్యాపకుల యెదుట తల యెత్తలేక చదువును చెడగొట్టుకొన్న పిల్లలును కలరు.

వేచియుండుట యన నేమో తెలియగోరినచో దూరము పోనక్కరలేదు. ఈ మైలాపూరునందే లజ్ హౌస్ అను గృహమున మన తెలుగువారు, దుబాసీల వంశమువారు, మోతవరపు వెంకటమహీపతి నాయుడుగారు నివసించిరి. లోకము వారిని బుచ్చిబాబు అని పిలిచెను. చేపాకులోని క్లబ్బు ఆంగ్లేయులదై భారతీయులకు చోటు లేని దినములలో, 1888లో వారు మద్రాసు యునైటెడ్ క్లబ్బును నెలకొల్పి మనవారికి ఆట నేర్పిరి. భారతీయులును ఆంగ్లేయులును ఎదురెదురుగా ఆడు పోటీకి పాటుపడి, దానిని కన్నులార చూడకయే 1908లో గతించిరి. వారి పేర క్రికెట్టు పోటీ నేటికిని జరుగుచున్నది. అప్పటికి పండ్రెండేండ్ల వాడైన వారి కుమారుడు మాతామహుల యింటికి దత్తుడై కోట రామస్వామి యను పేర ప్రసిద్ధికెక్కెను. అతడు కేంబ్రిడ్జిలో చదివి, 1922లో డేవిస్ కప్పు టెన్నిసున భారతదేశము పక్షమున ఆడెను. తరువాత తిరిగివచ్చి ఉద్యోగమున చేరెను.

క్రికెట్టు టెస్టు ఆడుటకు అతనికి పిలుపు వచ్చినదెప్పుడు? 1936 జూలైలో, మాంచెస్టరున. అప్పటికి నలువదేండ్లు నిండి నెల దాటినది. ఆ వయసున మన యిండ్లలో మోకాళ్ళ నొప్పులని మేడమెట్లు ఎక్కరు. ఆ యెడమచేతి ఆటగాడు తొలి టెస్టున 40, 60 పరుగులు చేసెను. తరువాత ఓవల్ మైదానమున 29 పరుగులును, అవుటు గాకుండ 41 పరుగులును చేసెను. అతడు ఆడినవి ఆ రెండు టెస్టులే. టెన్నిసు కీర్తికిని ఈ పిలుపునకును నడుమ పదునాలుగేండ్లు. నడుమ ఆట విడిచియుండినచో ఆ పరుగులు వచ్చెడివి కావు. పెద్ద తోట గల యింటి బిడ్డ గనుక అతనికి చెల్లినదని మీరనవచ్చును. నిజమే. మన పిల్లలకు తోట లేదు, వాటాల యిండ్లు. కాని వారు వేచియుండవలసినది పదునాలుగేండ్లు కాదు, మూడు నాలుగు నెలలు.

తోట లేనివారు చేయదగినది చెప్పెదను. గోడ యున్నచో చాలును. పది పండ్రెండు అడుగుల దూరమున నిలిచి రబ్బరుబంతిని గోడకు వేసి రెండు చేతులతో పట్టుడు. దినమునకు ఇరువది నిమిషములు. పొరుగువారు సద్దునకు కోపగించినచో పగటివేళ చేయుడు. పాత మేజోడులో గుడ్డలు కుక్కి కుట్టి, దూలమునకు వ్రేలాడదీసి బ్యాటుతో కొట్టుడు. అరువది అడుగులనగా ఇరువది గజములు. వీధి చివర కొలిచి గీత గీసికొని, ఉదయమున పది పరుగులు తీయుడు. కత్తిరి యెండలలో ఎనిమిది గంటల తరువాత పరుగు వలదు. నాగేశ్వరరావు పార్కున నడకకు వచ్చు పెద్దలకు బంతి తగులరాదు గనుక అచ్చట ఆడవలదు, వ్యాయామము చేసికొనుడు. ఒక చిన్న పుస్తకమున ఆనాటి లెక్క వ్రాయుడు. చూచువారు లేని నెలలలో ఆ పుస్తకమే చూచును. ఏ నాడు ఖాళీగా నున్నదో ఆ నాడు కారణము వ్రాయుడు, అది మిక్కిలి సిగ్గు కలిగించును.

కళాశాల శిక్షకుని ముందుగనే కలిసి, తమ జట్టునకు ఏ స్థానమున లోటున్నదో అడుగుడు. బంతి వేయువారు నలుగురుండి, బంతి పట్టునామె లేకపోవచ్చును. రెండవ పని నేర్చిన పిల్ల బల్లమీదినుండి త్వరగా లేచును. మైదానమున బంతి గాలిలో నున్నప్పుడు "నాది" అని గట్టిగా అరచుట నేర్చుకొనుడు. తమిళమున అరచినను తెలుగున అరచినను సరియే. ఇంట అణకువగా పెరిగిన మన పిల్లలు అరువక పోవుటచే ఇరువురు ఢీకొని పండ్లు రాలగొట్టుకొనుట చూచితిని.

తల్లులకు ఒక మాట. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత గలదని తేలినది. పిల్ల బద్ధకించుచున్నదని మందలించుటకు ముందు రక్తపరీక్ష చేయింపుడు. ఆకుకూరలు, పప్పులు, తినువారైనచో చేప, మాంసము పెట్టుడు. భోజనము కాగానే కాఫీ త్రాగు మన మైలాపూరు అలవాటు ఇనుము ఒంటబట్టకుండ అడ్డుపడును. ఒక గంట ఆగి త్రాగుడు. కాఫీ మానుమనుటకు నాకు ధైర్యము లేదు.

తండ్రులకు మరియొక మాట. నోటిమాటను నమ్మి మిగిలిన దారులన్నియు మూసికొనవలదు. అమెరికాలో స్థిరపడిన మన బంధువుల పిల్లలును ఈ ఆటతో విశ్వవిద్యాలయములలో చేరుచున్నారు. అచ్చటను నోటిమాట ఉభయులలో ఎవరినిగాని బంధింపదు. మార్కులు తగ్గినచో ఆట యెంత బాగున్నను తలుపు మూతపడవచ్చును. కావున పరీక్ష ముగియు వరకు చదువునకే ముందు చోటు. ఇక ఫీజు ఎంత తగ్గింతురు, హాస్టలు కలదా, దెబ్బ తగిలి ఒక యేడు ఆడలేకపోయినచో ఆ సీటు, ఆ రాయితీ నిలుచునా యని మర్యాదగా అడిగి, సమాధానమును వ్రాతమూలమున పుచ్చుకొనుడు. అడుగుట అవమానము కాదు. నాకు భుజము చెడిన యేడు మా నాయనగారు ఈ ప్రశ్న ముందుగా అడుగనందున ఫీజు కొరకు అమ్మ గాజులు కుదువకు పోయినవి. అవి తిరిగి వచ్చుటకు రెండేండ్లు పట్టినది. ఆమె ఆ మాట నాతో ఒక్కసారియు అనలేదు. అందుచేతనే నాకు మరపునకు రాదు.

పొద్దుపోవుచున్నది, అధ్యక్షులు గడియారము చూచుచున్నారు. వచ్చు ఆదివారము ఉదయము అయిదున్నరకు సముద్రతీరమున దీపస్తంభము వద్ద ఇసుకలో నేనుందును. ఇసుకలో పరుగు కాళ్ళకు మంచిది, పడినను దెబ్బ తగులదు. చేతితొడుగు లేనివారును రావచ్చును, నా వద్ద పాతవి రెండు కలవు. నీళ్ళు మాత్రము ఎవరివి వారు తెచ్చుకొనుడు.