పాలవ్యాను బ్రేకులు: ఏది మార్చాలి, ఏది ఉంచాలి

(పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



తనిఖీకి వచ్చినప్పుడు మేము నగదు పుస్తకం, పాల రిజిష్టరు, కొవ్వు పరీక్ష పుస్తకం చూస్తాము. వ్యాను ఉన్న సంఘంలో లాగ్‌బుక్కు కూడా చూస్తాము. “బ్రేకు సరిగా పట్టుట లేదు” అని డ్రైవరు వ్రాసిన మాట క్రింద ఏ నిర్ణయమూ లేకపోవడం కొన్నిచోట్ల కనబడుతున్నది. ఒకరు సామానంతా మార్చమంటారు. మరొకరు బోనసు పంచిన తరువాత చూద్దామంటారు. ఇద్దరూ చక్రం విప్పి కొలత చూడలేదు.

మన బండి మోసే బరువు ఆలోచించండి. 40 లీటర్ల క్యాన్లు 40 ఎక్కిస్తే 1600 లీటర్లు. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు గనుక పాల బరువే దాదాపు 1650 కిలోలు. క్యాన్ల బరువు వేరు. వేగం గంటకు 40 కిలోమీటర్ల నుండి 60కి పెరిగితే బండిని ఆపడానికి బ్రేకులు భరించవలసిన శక్తి రెండుంబావు రెట్లవుతుంది. ఖాళీ క్యాన్లతో బాగా ఆగినదని నిండు క్యాన్లతో అట్లే ఆగుతుందని నమ్మరాదు.

పెడలు తొక్కినప్పుడు వీల్ సిలిండరు రెండు షూలను బయటికి నెట్టును. షూలకున్న లైనింగు, తిరుగుతున్న డ్రమ్ము లోపలి గోడను రాచుకొని బండిని ఆపును. లైనింగు ఉన్నదే అరగడానికి. ఎంత అరిగినదో తెలుసుకొనుట మన పని.

మొదట లైనింగు. బండి కంపెనీ పుస్తకంలో కనీస మందం ఉంటుంది. రివిట్లతో బిగించినదైతే రివిటు తలపైన మిగిలిన మందమే లెక్క. రివిటు తగిలితే డ్రమ్ముకు గాడులు పడును. అప్పుడు లైనింగు ఖర్చుతో పోయేది డ్రమ్ము ఖర్చుదాకా పోవును. బ్రేకు ఆయిలు గాని గ్రీజు గాని పీల్చిన లైనింగును ఎంత మందం ఉన్నా మార్చవలసినదే. అయితే ముందు ఆ కారుడును ఆపాలి. ఒక చక్రానికి మార్చితే అదే ఇరుసు మీది రెండవ చక్రానికీ మార్చాలి. లేకుంటే బ్రేకు వేసినప్పుడు బండి ఒక ప్రక్కకు లాగును.

తరువాత డ్రమ్ము. ఎంత వ్యాసం వరకు వాడవచ్చునో సాధారణంగా దానిమీదనే ఉంటుంది. ఆ హద్దు లోపలైతే లేతులో తీయించి వాడవచ్చును. హద్దు దాటినా, పగులు కనబడినా పారవేయవలసినదే. వీల్ సిలిండరు రబ్బరు తొడుగు ఎత్తితే లోపల తడి కారుచున్నచో దానిని వదలరాదు. సాగిన స్ప్రింగులు, వేడికి నీలిరంగు తిరిగిన స్ప్రింగులు కూడా మార్చాలి.

కొలతలో సరిపోయిన వాటిని శుభ్రపరచి ఉంచవచ్చును. పెడలు లోతుకు పోయినంత మాత్రాన అన్నీ అరిగినవని అర్థం కాదు. షూల సర్దుబాటు తప్పినా, ఆయిలులో గాలి చేరినా అట్లే జరుగును. పాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండవచ్చును గనుక ఆ దుమ్మును గాలితో ఊదించరాదు, తడిగుడ్డతో తుడవాలి.

“బండి ఆపితే పాలు విరిగిపోవా?” అని మమ్ములను అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే అద్దె బండి ఎవరిదో, కిరాయి ఎంతో ముందే మాట్లాడి ఉంచుకోవాలి. బ్రేకుల మరమ్మతుకు ఇంత మొత్తం వరకు కార్యదర్శి వెంటనే ఖర్చు చేయవచ్చునని పాలకవర్గం ముందుగానే తీర్మానం చేయాలి. సమావేశం జరిగేదాకా చెడిన బ్రేకుతో బండి నడపరాదు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు పరీక్షించిన నాటి స్థితిని తెలుపును. అటు తరువాతి అరుగుదలను ఆపదు.

మెకానిక్కు నాలుగు చక్రాల కొలతలు కాగితంపై వ్రాసి ఇవ్వాలి. బిల్లు చెల్లించక ముందే పాత సామాను సంఘానికి చేరాలి, రిజిష్టరులో ఎక్కాలి. అప్పుడు సామానంతా మార్చామన్న మాట నిజమో కాదో ఏ సభ్యుడైనా చూడవచ్చును.

మహాసభలో వ్యాను ఖర్చెంత అని తప్పక అడగండి. దానితోపాటు చివరిసారి లైనింగు ఎప్పుడు కొలిచారు, ఎంత మిగిలినదని కూడా అడగండి. ఆ బండిలో మన పాలతోపాటు మన ఊరి డ్రైవరు, క్లీనరు ఉన్నారు. అది పోయే దారిలోనే మన పిల్లలు బడికి పోతున్నారు.