కంటికొలికిలోని చీము, నల్లగుడ్డుకు ముప్పు



కిన్వట్ తాలూకాలోని మాండవి ప్రాంతం పత్తి, జొన్న, కంది పండే నేల. ఇటువంటి చోట కంటికి పుల్ల తగలడం, ధూళి పడడం నిత్యం జరిగే విషయమే. ఆ గీతలలో చాలావరకు ఒకటి రెండు దినాలలో మానిపోతాయి. అయితే కొందరిలో అదే చిన్న గీత చూపును హరించే పుండుగా పరిణమిస్తుంది. అందుకు గల కారణాలలో ఒకటి కంటిలో కాక, కంటి పక్కన దాగి ఉంటుంది. అదే చీము పట్టిన కన్నీటి సంచి. నేటి ప్రసంగానికి విషయం అదే.

కన్నీరు దుఃఖం కలిగినప్పుడు మాత్రమే పుట్టేది కాదు. కనురెప్ప కదిలిన ప్రతిసారీ అది పలుచని పొరగా కంటిపై పరుచుకొని, దుమ్మును కడిగి, సూక్ష్మక్రిములను అణచుతుంది. పని ముగిసిన నీరు ముక్కు వైపున ఉన్న కంటికొలికిని చేరుతుంది. అక్కడ పై రెప్పకు ఒకటి, కింది రెప్పకు ఒకటి చొప్పున సూదిమొన వంటి రెండు రంధ్రాలు ఉంటాయి. వాటి గుండా నీరు కన్నీటి సంచిలోనికి, అక్కడి నుండి ఎముకలోని సన్నని నాళం ద్వారా ముక్కులోనికి దిగుతుంది. ఏడ్చినప్పుడు ముక్కు కారడానికి కారణం ఇదే.

ఈ నాళం మూసుకుపోతే సంచిలోని నీరు కదలక నిలిచిపోతుంది. పారని కాలువలో మురుగు చేరినట్లు, నిలిచిన కన్నీటిలో క్రిములు పెరుగుతాయి. నడివయసు దాటిన స్త్రీలలో ఈ వ్యాధి అధికంగా కనిపిస్తుంది. మొదటి లక్షణం ఎడతెగక నీరు కారడం. తరువాత పుసి కట్టడం, ముక్కు పక్కన చిన్న ఉబ్బు కనిపించడం జరుగుతాయి. దీర్ఘకాలపు వ్యాధిలో నొప్పి అంతగా ఉండదు. కనుకనే దానిని వయసు ప్రభావమనో, పొయ్యి పొగ వలన వచ్చినదనో భావించి, కొంగుతో తుడుచుకొంటూ సంవత్సరాలు గడిపేవారు అనేకులు.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. నల్లగుడ్డును గడియారపు అద్దం వలె కప్పి ఉండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. దాని మందం మధ్యభాగంలో సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. పారదర్శకంగా ఉండవలసినది కనుక దానిలో రక్తనాళాలు ఉండవు. పైచర్మం చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం సంచిలో పెరిగే న్యుమోకాకస్ వంటి క్రిములు సాధారణంగా లోపలికి చొరబడలేవు. ఎండిన పత్తిపుల్లో, జొన్నాకు అంచో ఆ పైచర్మాన్ని గీరిందంటే ద్వారం తెరుచుకొన్నట్లే. పక్కనే చీము నిండిన సంచి ఉన్నవారికి ఆ ద్వారం ముందు శత్రువు అప్పటికే సిద్ధంగా ఉంటాడు.

ఆ పిదప వ్యాధి వేగంగా ముదురుతుంది. కన్ను ఎర్రబడుతుంది, వెలుతురు సహించలేకపోతుంది, నొప్పి తీవ్రమవుతుంది. కార్నియాపై తెల్లని మచ్చ కనిపిస్తుంది. పుండు ఒక అంచున పాకుతూ విస్తరిస్తుంది. లోపల చీము అడుగున తెల్లని గీతలా నిలుస్తుంది. చికిత్స ఆలస్యమైతే కార్నియాకు రంధ్రం పడి కన్నే పోవచ్చు. పుండు మానినా అక్కడ తెల్లని మచ్చ మిగులుతుంది. జనులు కంట్లో పువ్వు అనేది దీనినే. మచ్చ కంటిపాపకు ఎదురుగా పడితే చూపు మసకబారుతుంది. అప్పుడు దాత కార్నియాను అమర్చే శస్త్రచికిత్స తప్ప వేరు మార్గం తరచు ఉండదు. పుండుకు మందు వేసి సంచిని విడిచిపెడితే క్రిములు మరల మరల వచ్చి చేరుతుంటాయి. కనుక రెండింటికీ చికిత్స జరగాలి.

ఈ విపత్తును ముందుగా పసిగట్టే పరీక్ష మిక్కిలి సులభం. వైద్యుడు కంటికొలికి పక్కన, ముక్కును ఆనుకొని వేలితో మెల్లగా నొక్కుతాడు. రంధ్రాల నుండి జిగురు గాని చీము గాని వెలికివస్తే సంచి వ్యాధిగ్రస్తమైనట్లే. సన్నని గొట్టంతో నీటిని పంపి నాళం ఎక్కడ మూసుకుందో తెలుసుకుంటారు. కంటిశుక్లపు ఆపరేషనుకు ముందు ఈ పరీక్ష చేసి కొందరిని వెనక్కు పంపడం నిరాకరణ కాదు. చీము ఉండగా కన్ను తెరిస్తే క్రిములు కంటి లోపలికే చేరే ప్రమాదం ఉంది. ముందు సంచికి, తరువాత శుక్లానికి చికిత్స అనేది రోగి మేలు కొరకైన నియమం.

పెద్దవారిలో మూసుకుపోయిన నాళానికి చుక్కలమందు శాశ్వత పరిష్కారం కాదు. సంచికి, ముక్కుకు మధ్య కొత్త దారి ఏర్పరచే డీసీఆర్ అనే శస్త్రచికిత్స ఉంది. ఇటలీ వైద్యుడు అడియో టోటీ 1904లో దీనిని వర్ణించాడు. నేడు కొన్నిచోట్ల ముఖంపై కోత లేకుండా ముక్కు ద్వారానే దీనిని చేస్తున్నారు. పసిపిల్లల విషయం వేరు. పుట్టుకతో నాళం చివర మూసుకొని ఉన్నా, వైద్యుడు నేర్పిన రీతిగా సంచిపై నుండి కిందికి మర్దన చేస్తే ఏడాది లోపల అత్యధికులకు అది తెరుచుకుంటుంది.

గీత పడిన తొలి గంటల విలువను నేపాల్‌లోని భక్తపూర్ అధ్యయనం నిరూపించింది. అక్కడ గ్రామాలలోని శిక్షితులు కార్నియాపై గీత పడినవారికి ఒక శాతం క్లోరాంఫెనికాల్ లేపనాన్ని రోజుకు మూడుసార్లు, మూడు రోజులు వేశారు. 2001లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 442 గీతలలో 424 సోకు లేకుండా మానాయి. గాయమైన 18 గంటల లోపల మందు మొదలుపెట్టిన వారిలో ఒక్కరికీ పుండు కాలేదు. మాండవి వంటి ప్రాంతానికి ఇది గ్రహింపదగిన పాఠం. గీత పడిన రోజే ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. కన్ను ముందు నుండే నీరు కారుతుంటే ఆ మాట వైద్యునికి తప్పక చెప్పాలి.

చేయకూడనివీ కొన్ని ఉన్నాయి. ఆకు పసరు, చనుబాలు, ఆముదం కంట్లో వేయరాదు. దుకాణంలో అడిగి కొన్న స్టెరాయిడ్ చుక్కలు ఎరుపును తగ్గించినట్లే తగ్గించి పుండును ముదిరిస్తాయి. ముక్కు పక్కన ఎర్రగా వాచి సలుపుతుంటే నొక్కరాదు, సూదితో గుచ్చరాదు, వాత పెట్టరాదు. అది వెంటనే వైద్యునికి చూపవలసిన స్థితి.

1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ నుండి నాందేడ్‌కు, ముధోల్ ప్రాంతం నాందేడ్ నుండి ఆదిలాబాద్‌కు మారాయి. సరిహద్దు మారినా వైద్యానికి దారులు మూసుకోలేదు. నాందేడ్‌లో డాక్టర్ శంకర్‌రావు చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల, ఆదిలాబాద్‌లో రిమ్స్ ఉన్నాయి. ముధోల్‌లో 1996లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ తన గ్రామీణ కేంద్రాన్ని నెలకొల్పింది.

ఇంట్లో ఎవరి కన్నైనా నెలల తరబడి నీరు కారుతుంటే, పత్తి ఏరే కాలం రాకముందే వారిని వైద్యునికి చూపించడం కుటుంబం చేయదగిన మేలు. సంచిలోని చీమును తొలగించుకున్నవారికి చేలో తగిలిన గీత గీతగానే మానుతుంది. చూపు నిలుస్తుంది.