గాయం స్థితిని తెలిసి మందునిచ్చే గుడ్డ
(రాజపాళయంలో చేసిన ప్రసంగ పాఠం)



శరీర స్థితిని బట్టి స్పందించే అతిసూక్ష్మ పాలిమర్ పదార్థాలతో ఒక్కొక్క రోగికి తగిన చికిత్సను రూపొందించడం నేటి నా ప్రసంగ విషయం. ఇది ఎక్కడో విదేశీ ప్రయోగశాలలకు చెందిన సంగతి, రాజపాళయం వారికి దీనితో ఏమి పని అని కొందరికి తోచవచ్చు. ఈ ఊరిలోనూ, చేరువనున్న సత్రపట్టిలోనూ దశాబ్దాలుగా మగ్గాలపై నేస్తున్న బ్యాండేజి గుడ్డ ఎన్నో ఊళ్ల ఆసుపత్రులకు చేరుతోంది. గాయానికి కట్టే ఆ గుడ్డలోనే ఈ శాస్త్రపు తొలి పాఠం ఉన్నది.

ప్రత్తి పోగు సెల్యులోజ్ అనే పదార్థంతో ఏర్పడింది. వేలాది గ్లూకోజ్ ఘటకాలు పూసల పేరులా ఒకదానికొకటి కూడితే సెల్యులోజ్ అవుతుంది. ఇలా చిన్న అణువులు గొలుసుకట్టుగా చేరి ఏర్పడిన పెద్ద అణువునే పాలిమర్ అంటారు. ఇక నానోమీటరు అంటే మీటరులో వందకోట్లవ వంతు. తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. మందును మోసే పాలిమర్ రేణువులు సాధారణంగా 20 నుండి 200 నానోమీటర్ల పరిమాణంలో ఉంటాయి.

ఈ పెద్ద అణువులు పరిసరాలకు స్పందించడం మన వంటింట్లో నిత్యం చూస్తున్నదే. పాలలో నిమ్మరసం పిండితే పాలు విరుగుతాయి. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ రేణువులు, అవీ నానోమీటర్ల లెక్కలోనివే, ఆమ్లత్వం పెరగగానే విడివిడిగా తేలడం మాని ఒకచోట గడ్డకడతాయి. మందుల కంపెనీలు ఇటువంటి గుణాన్ని ఎప్పటి నుంచో వాడుకుంటున్నాయి. కడుపులోని ఆమ్లంలో కరగక, పేగులలోకి చేరిన పిదపనే కరిగే పూత గల మాత్రలు మనమందరం మింగినవే. వేడికి స్పందించే పాలిమర్లూ ఉన్నాయి. వాటిలో బాగా పరిశోధించిన ఒకటి చల్లని నీటిలో కరిగి ఉండి, సుమారు 32 డిగ్రీలు దాటగానే నీటిని విడిచి ముడుచుకుపోతుంది.

ఇప్పుడు గాయం వద్దకు వద్దాం. ఆరోగ్యవంతమైన చర్మం పైభాగం కొద్దిగా ఆమ్లగుణం కలది. మానక, చీము పట్టి నెలల తరబడి ఉండే గాయం తరచు క్షారగుణం వైపు మళ్లుతుంది. ఈ భేదమే తాళంచెవి. ఆమ్ల శాఖలు కలిగిన పాలిమర్ గొలుసులను మందుతో కలిపి గుడ్డపై పూస్తారు. గాయం చల్లగా మానుతున్నంత కాలం గొలుసులు ముడుచుకొని మందును పట్టి ఉంచుతాయి. క్షారగుణం పెరిగితే ఆ శాఖలు విద్యుదావేశం పొంది ఒకదానినొకటి నెట్టుకొంటాయి. పూత ఉబ్బి, మందు వెలువడుతుంది. మందు అవసరమైనప్పుడే పడుతుంది, మాటిమాటికీ కట్టు విప్పే బాధ తగ్గుతుంది, యాంటీబయాటిక్ వృథా కాదు. చక్కెర వ్యాధితో పాదానికి పుండుపడి, కాలివేలో కాలో తీయించుకొన్న వారు మన బంధువర్గంలో లేని ఇల్లు అరుదు. ఈ పరిశోధన విలువ ఏమిటో వారిని అడిగితే తెలుస్తుంది.

శరీరం లోపలి వ్యాధులకు సమస్య మరింత జటిలం. ఇక్కడి సంజీవి కొండను చూసినప్పుడు ఆంజనేయుని కథ అందరికీ గుర్తుకు వస్తుంది. మూలికను గుర్తుపట్టలేక ఆయన కొండనే పెకలించి తెచ్చాడు. కేన్సర్‌కు ఇచ్చే పాత మందుల తీరూ అటువంటిదే. కణితిని పోల్చుకోలేక ఒళ్లంతటికీ మందు పోస్తాయి. అందువల్లనే జుట్టు రాలడం, వాంతులు, రక్తకణాలు తగ్గడం.

పోల్చుకొనే దారికి మన తెలుగువాడి కృషి తోడ్పడింది. 1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దానిని పోలిన అమినోప్టెరిన్ అనే మందుతో సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సర్ పిల్లలలో వ్యాధిని తాత్కాలికంగా అణచగలిగి, ఆ ఫలితాలను 1948లో ప్రకటించారు. కొన్ని రకాల కేన్సర్ కణాల పైపొరలో ఫోలేట్‌ను పట్టుకొనే గ్రాహకాలు మెండుగా ఉంటాయని తరువాత తెలిసింది. అందుచేత పాలిమర్ రేణువుకు ఫోలిక్ ఆమ్లాన్ని చిరునామాగా తగిలించి పంపే ప్రయత్నాలు సాగుతున్నాయి. రక్తం పీహెచ్ 7.4 కాగా, కణం మందును మింగాక చేర్చే అరలలో అది 5 దరిదాపులకు దిగుతుంది. అక్కడే విచ్చుకొనే విధంగా రేణువును రూపొందిస్తారు.

అయితే చిరునామా అందరికీ ఒకటి కాదు. ఫోలేట్ ఆధారంగా తయారైన ఒక మందు అండాశయ కేన్సర్ పరీక్షలలో 2014లో విఫలమైంది. అదే గ్రాహకాన్ని గురిచేసుకొన్న మరొక మందుకు, ఇది యాంటీబాడీతో చేసినది, 2022లో అమెరికాలో అనుమతి లభించింది. రోగి కణితిలో ఆ గ్రాహకం అధికంగా ఉన్నదని పరీక్షలో తేలితేనే దానిని ఇస్తారు. వ్యక్తికి తగిన వైద్యం అంటే ఇదే. ముందు కొలవాలి, పిమ్మట మందు ఎంచాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. రక్తంలోకి పంపిన రేణువులలో అధికభాగం కాలేయం, ప్లీహం పట్టివేస్తాయి. కణితిని చేరేది స్వల్పం. ఎలుకలలో నెగ్గినవి మనుషులలో ఓడిన సందర్భాలు అనేకం. నేను చెప్పిన గాయపు గుడ్డలు సైతం ఎక్కువగా ప్రయోగదశలోనే ఉన్నాయి. కాబట్టి "నానో" అనే ముద్ర చూసి పొలం అమ్మి చికిత్సకు పరుగెత్తవద్దు. మూడు ప్రశ్నలు అడగండి. ఈ మందుకు ప్రభుత్వ అనుమతి ఉన్నదా? నా వ్యాధికి ఇది తగినదని ఏ పరీక్షలో తేలింది? పని ముగిశాక ఆ పదార్థం ఒంట్లో నుండి ఎలా పోతుంది?

ఈ ప్రశ్నలు ఏ భాషలో అడగాలి? మనకు ఇంట్లో తెలుగు, ఆసుపత్రిలో తమిళం, కాగితాలపై ఇంగ్లీషు. నొప్పి ఎప్పుడు పెరిగింది, గాయం రసి రంగు ఏమిటి, వాసన ఎలా ఉన్నది అన్నవి యంత్రం చెప్పలేదు. అవ్వ తన మాటలో చెప్పాలి, పక్కనున్న మనుమరాలు దానిని తమిళంలో సరిగా చేరవేయాలి. కొత్త మందును మనుషులపై పరీక్షించేటప్పుడు, పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలోనే వివరించి సమ్మతి పొందాలని 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ పరీక్షల నియమాలు శాసిస్తున్నాయి. అర్థం కాని కాగితంపై వేలిముద్ర వేయవద్దు. తెలుగులో వివరించమని కోరడం మొండితనం కాదు, అది మీ హక్కు.

చివరగా ఇక్కడి విద్యార్థులకు ఒక మాట. నూలు ఎరిగినవారు ఈ ఊరిలో ఉన్నారు. రసాయనశాస్త్రం, వస్త్రశాస్త్రం చదివేవారు ఉన్నారు. పుండ్లతో బాధపడేవారూ ఉన్నారు. గుడ్డ నేసేవారు, పూత తయారుచేసేవారు, గాయం చూసే వైద్యులు ఒకచోట కూర్చొనడమే కొరత. ఆ కొరతను తీర్చే పని మీరు చేపట్టాలని కోరుతున్నాను.