రేకు పిల్లనగ్రోవి



మనము లష్కరని పిలుచు సికిందరాబాదు 1806లో ఆంగ్లసేనల దండుగా వెలసినది. ఆ సైనికులు వెడలిపోయినను, సీమసరకు పాతసామానుల అంగళ్లలో అప్పుడప్పుడు అగపడును. అందు రేకు పిల్లనగ్రోవి దొరికినచో పోల్చుకొనుట యెట్లో మనవి చేసెదను.

1843లో రాబర్టు క్లార్కు అను ఆంగ్లేయుడు మాంచెస్టరున తగరపుపూత రేకుతో వీనిని చేయ నారంభించి, పేదవానికిని వాద్యమును అందుబాటు చేసెను. ఆ పద్ధతి గొట్టము మూతికడ లావు, తుదిని సన్నము, వెనుక నిలువుగా అతుకు, మూతిలో కొయ్యబిరడా, ముందు ఆరు రంధ్రములు. సూదంటురాయి అంటినచో అది రేకు. అంటనిచో ఇత్తడి కావచ్చును. ప్లాస్టికు మూతి గలదానిని క్లార్కునాటిదని అమ్మజూపినచో నమ్మరాదు.

ముఖ్యమైన మాట యొకటి. కొన్ని పాతవానికి సీసపుబిరడా యుండును. సీసము విషము. బిరడా బూడిదవన్నెతో, గోరు నాటునంత మెత్తగా నున్నచో పిల్లల నోటికి ఈయరాదు. చింతపండుతో తోమవలదు, తయారీదారుని ముద్ర చెరిగిపోవును.

వెల స్వల్పమని తూకమునకు వేయక, మన గ్రంథాలయపు బీరువాకు ఒసగుడు. లెక్కలు వ్రాయువాడను గనుక ఎరుగుదును: చిల్లరపద్దు విడిచినచో పెద్దలెక్క కుదరదు.